టెక్కన్ తల వంచిన రోజు

చోఫు, టోక్యో
జనవరి 17

కుసకాకి,

ఎండు పెర్సిమన్ పళ్ళు డిసెంబరులోనే అందాయి. ఎప్పటిలాగే బాగున్నాయి. పెట్టెకి శుభమని చుట్టే ఎరుపూ తెలుపూ దారం కట్టలేదు, ఉత్త తెల్లకాగితం చుట్టి పంపావు. మీ కొండల్లో దారానికి కూడా కరువొచ్చిందేమో అనుకుని ఊరుకున్నాను. కానీ కొత్త సంవత్సరం కార్డు కూడా రాలేదు. ముప్పై నాలుగేళ్ళుగా జనవరి ఒకటో తారీకు పొద్దున్నే నా పోస్టు డబ్బాలో నీ కార్డు పడుతోంది. నేను జవాబు రాసింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా నువ్వు మానలేదు. ఈ ఏడు మానేశావు. నువ్వు కూడా వాళ్ళతో కలిశావా?

వాళ్ళెవరంటావేమో, చెబుతాను. మన టెక్కన్‌ని టీవీకి మళ్ళీ తీస్తున్నారు. నెజు అని ఒక కుర్ర నిర్మాత వచ్చాడు. బూట్లు గుమ్మం దగ్గర ఎంత పొందిగ్గా పెట్టాడో చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మొదటి వారంలోనే టెక్కన్ ఊరి జనం ముందు తల వంచి క్షమాపణ చెబుతాడట. ఆలస్యంగా వచ్చినందుకు.

"గురువుగారూ, ఈ కాలం పిల్లలకి పొగరుబోతు వీరులు నచ్చరండీ" అన్నాడు.

"ఎంతమంది పిల్లల్ని అడిగావు?"

"సర్వే చేయించామండీ."

"సర్వే చేయిస్తే పిల్లలు కాప్సికం కూడా వద్దంటారు. అమ్మలు వండటం మానేశారా?"

నవ్వి పుస్తకంలో రాసుకున్నాడు. నా తిట్లు కూడా వాడికి పనికొస్తాయి కాబోలు.

నువ్వే చెప్పు. వినయంగల వీరుడు తెర మీద ఎలా ఉంటాడు? పెళ్ళిచూపుల్లో కూచున్నవాడిలా ఉంటాడు. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మంచివాడికి కథ అక్కర్లేదు, పింఛను చాలు. పొగరుబోతు నడిచొస్తుంటే పిల్లవాడు అన్నం గిన్నె కింద పెట్టేస్తాడు. వీడు ఇవాళైనా పడతాడా అని ఒక కన్ను, వద్దు పడకూడదు అని ఒక కన్ను. అదే టీవీ. యాభై రెండు ఆదివారాలు టెక్కన్ ఎవరికీ తల వంచలేదు. రాక్షసుడి కాలి కిందనుంచి లాగి బతికించిన ముసలమ్మకి కూడా "దారికి అడ్డం లే" అనే చెప్పాడు. దేశంలో పిల్లలంతా వాళ్ళమ్మల్ని అదే మాట అన్నారు. తల్లుల సంఘాలు పంపిన ఫిర్యాదు ఉత్తరాలు మూడు పెట్టెలు ఇప్పటికీ నా అటక మీద ఉన్నాయి.

పైగా దర్శకుడు ఊకై చనిపోయే ముందు రాసిన జ్ఞాపకాల్లో ఆ పొగరు తన ఊహే అన్నాడు. చచ్చినవాడితో వాదించలేను. బతికుండగా వాదించాను కానీ వాడికి చెవులు లేవు.

మార్చి పదో తారీకున కంపెనీలో సమావేశం. నువ్వు ఒక కాగితం రాసి సంతకం పెట్టు. మొదటి రోజు నుంచీ టెక్కన్ పొగరు ఒరిహారా రాసినదేనని, తల వంచితే వాడు టెక్కన్ కాడని. ఈ కుర్రాళ్ళకి రచయితంటే లెక్క లేదు. కానీ ఆ ఇనుప కిరీటం తొడుగు లోపల పది నెలలు ఉడికినవాడు నువ్వేనంటే లేచి నిలబడతారు. నాకున్నది టెక్కన్ ఒక్కడే. ఇల్లు లేదు, పెళ్ళాం ఏనాడో దూరమయింది, హమమత్సులో కూతురు ఉంది కానీ అటునుంచి కార్డు రాదు, ఇటునుంచి పోదు. వీడి తల కూడా వంచేస్తే ఇక నేను బతికి ఏం సాధించినట్టు?

వెంటనే రాయి.

ఒరిహారా


కమినోయమా, యమగతా
జనవరి 29

గురువుగారికి నమస్కారాలు.

ఇక్కడ మంచు నడుముదాకా పడింది. పొద్దున లేచి పారతో ఎత్తిపోయడం, మధ్యాహ్నానికి మళ్ళీ అంతే. మా ఆవిడ "నువ్వు రాక్షసుల్ని కొట్టావు గానీ మంచుని కొట్టలేకపోతున్నావు" అని ఎగతాళి చేస్తోంది. మీ ఆరోగ్యం ఎలా ఉంది? వేళకి తింటున్నారా?

కార్డు విషయంలో పొరపాటు నాదే. మన్నించండి. కారణం ఉంది. ఎలా రాయాలో తెలియక ఈ ఉత్తరం మూడుసార్లు చింపాను. ముందు ఒకటి అడుగుతాను. గత ఏడాది చివర్లో హమమత్సు నుంచి మీకు ఫోను గానీ ఉత్తరం గానీ వచ్చిందా?

మీరడిగిన కాగితం గురించి కూడా నిజం చెప్పాలి. కోప్పడకండి. మొదటి రోజు నాకిచ్చిన ఆ తొడుగు తలకాయ వేరే మనిషి కొలతలతో చేసినది. చూడటానికి పెట్టిన కన్నాలు నా కళ్ళకంటే రెండు వేళ్ళు కిందికి ఉన్నాయి. తల మామూలుగా ఉంచితే నేల తప్ప ఏమీ కనబడదు. మొదటి రోజే కెమెరాని గుద్దుకున్నాను. కొత్తది చేయించడానికి వ్యవధి లేదన్నారు. ఎదురుగా ఏముందో చూడాలంటే గడ్డం పైకెత్తి నడవాల్సిందే. పడిపోతానేమోనన్న భయంతో అడుగు కూడా మెల్లగా వేసేవాణ్ణి. ఊకై గారు చూసి "బాగుంది, అలాగే కానీ" అన్నారు. మొదటి రెండు వారాల్లో టెక్కన్ "దెబ్బలేమైనా తగిలాయా?" అని అడిగేవాడు, మీకు గుర్తుందా? మీరు ఆ రీళ్ళు చూశాక మూడో వారం నుంచి "దారికి అడ్డం లే" వచ్చింది.

అది పొగరు కాదండీ. నాకు దారి కనబడక.

కుసకా తమోత్సు


చోఫు
ఫిబ్రవరి 6

కుసకాకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఒక మనిషి బతుకంతా చేసిన పనిని రెండు వేళ్ళ కన్నానికి దించేశావు. ఈ మాట ముప్పై నాలుగేళ్ళు కడుపులో ఎలా దాచావు? ఊకై ఉన్నప్పుడు చెప్పి ఉంటే కనీసం వాడి పరువు కూడా పోయేది. ఆ సంతోషమైనా మిగిలేది నాకు.

సరే. గడ్డం నీది. ఆ గడ్డం కిందనుంచి వచ్చిన మాటలు నావి. కళ్ళు కనబడనివాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు, వాళ్ళంతా వీరులు కారు. నేను ఆ నడక చూసి, వీడు ఎవరికీ సంజాయిషీ చెప్పనివాడు అని కనిపెట్టాను. ఎందుకు కనిపెట్టగలిగానంటే నేనూ అలాంటివాణ్ణే కనుక. ఆ ఏడే ఇల్లు వదిలి కంపెనీ వెనక అద్దెగదికి వచ్చేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి "ఒక్కసారి తప్పయిందని అను, చాలు" అంది. ఏం తప్పో కూడా చెప్పనక్కర్లేదంది. అననేలేదు. ఆ రాత్రి రాసిన పదకొండో వారమే అన్నిటికంటే బాగా వచ్చింది. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు, అలా జరిగింది కనుక చెబుతున్నాను.

నీకూ నాకూ మధ్య ఒక పాత లెక్క ఉంది. ఇప్పుడు తేల్చుకుందాం. టెక్కన్ నడుస్తుండగా మే నెలలో కవాసాకిలో ఆ బట్టల దుకాణం మేడ మీద పిల్లల కోసం ఆట పెట్టారు. ఆట అయ్యాక పిల్లలు వరసలో వచ్చి టెక్కన్‌తో చేతులు కలుపుతారు. నువ్వు నిటారుగా నిలబడి చెయ్యి అందించాలి, అంతే. నువ్వు ఒక పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడి తల నేలకి ఆనించావు. పిల్లల పత్రికలో ఫోటో వేశారు. "టెక్కన్ తల వంచాడు" అని పెద్దక్షరాలతో. నేను ఆ రోజే కంపెనీకి రాశాను. వీడు నా టెక్కన్‌ని చంపేశాడు, వీణ్ణి తీసెయ్యండి, లేకపోతే నేను రాయను అని. వారంలో నిన్ను తీసేశారు. నేనే రాశానని నీకు తెలుసో లేదో. తెలియకపోతే ఇప్పుడు తెలుసుకో. చివరి రెండు నెలలూ తొడుక్కున్నవాడు నీ నడకకి నకలు. వాడికి అన్నీ కనబడేవి, అందుకే బాగాలేదు.

ఎందుకు వంగావని అప్పుడు అడగలేదు. అడిగితే తగ్గినట్టవుతుందనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. జవాబు రాయి. కాగితం కూడా పంపు, మార్చి పది దగ్గరపడుతోంది.

హమమత్సు నుంచి ఎవరూ ఫోను చెయ్యలేదు. వాళ్ళకి నాతో ఏం పని? ఎందుకడిగావు?

ఒరిహారా


కమినోయమా
ఫిబ్రవరి 21

గురువుగారికి,

మీరు ఎందుకని రెండు మాటలు అడిగారు. రెంటికీ జవాబు ఒకటే. కూచుని చదవండి.

ఆ రోజు వరసలో చివరికి దగ్గరగా మీ చిగుసా వచ్చింది. వాళ్ళమ్మ మెట్ల దగ్గర నిలబడింది. అంతకుముందు మీ ఇంటికి రెండుసార్లు వచ్చాను కనుక పాపని చూడగానే గుర్తుపట్టాను. ఆరేళ్ళది. చెయ్యి ఇవ్వలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి గుసగుసగా అంది. "నువ్వు మాట్లాడేవన్నీ మా నాన్నే రాస్తాడు, నాకు తెలుసు. నువ్వు చెబితే వింటాడు. ఇంటికి రమ్మని చెప్పవా? రాసుకునేటప్పుడు నేను గోల చెయ్యను. వేరే గదిలో ఆడుకుంటాను."

తొడుగులో ఉన్నవాడు మాట్లాడకూడదు. టెక్కన్ గొంతు నాది కాదు, టేపులో ఉన్న గొంతు. ఆ టేపులో ఉన్నదేమో "దారికి అడ్డం లే". నేనేం చెయ్యగలను గురువుగారూ? మీ తరఫున ఎవరో ఒకరు ఆ పిల్లకి తప్పయిందని చెప్పాలనిపించింది. నాకు చేతనయినది ఒళ్ళు వంచడం ఒకటే. వంచాను. తల ఎత్తకపోతే ఏమీ కనబడదని చెప్పాను కదా. నాకు కనబడింది పాప బూట్లు మాత్రమే. గుడ్డబూట్లు. ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి వేసుకుని ఉంది.

నన్ను తీసెయ్యమన్న ఉత్తరం మీరే రాశారని నాకు అప్పుడే తెలుసు. కంపెనీలో చూపించారు. మీకు చెబుదామనుకున్నాను. కానీ అంత కోపంలో ఉన్న మనిషికి, ఆ పిల్ల మీ కూతురే అని చెబితే, అది క్షమించమని అడగడం కాదు, కొట్టడం అవుతుందని మానేశాను. తప్పు చేశానేమో.

తరవాత పాప టెక్కన్ పేరుకి ఉత్తరం రాసింది. కంపెనీ వాళ్ళు నాకు పంపారు. జవాబు రాశాను. నాలుగేళ్ళు టెక్కన్‌గా రాశాను, తరవాత నా పేరుతో. పెద్దదయి పెళ్ళయినా ప్రతి కొత్త సంవత్సరానికీ కార్డు వేసేది. మీ సంగతి ఎప్పుడూ అడగలేదు. "మీ గురువుగారు కులాసాగా ఉంటే చెప్పనక్కర్లేదు" అని ఒక్కసారి రాసింది.

డిసెంబరు మొదట్లో హమమత్సు నుంచి ఈ కార్డు వచ్చింది. ఇందులో పెడుతున్నాను. అక్టోబరు పదకొండున చిగుసా పోయింది. నలభయ్యో ఏట. రెండేళ్ళుగా జబ్బట.

తండ్రికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు కదా అనుకున్నాను. మైలలో ఉన్న ఇల్లు ఇలాంటి కార్డు వేసి శుభాకాంక్షలు మానుకుంటుంది, ఆ ఇంటికి మనమూ పంపకూడదు కదా. అందుకే కార్డు రాయలేదు. పళ్ళపెట్టెకి రంగుదారం కట్టలేదు. మా ఆవిడ "ఆయనకి ఒక పలకరింపు ఉత్తరమైనా రాయి" అంది. "ఆయన బాధలో ఉంటాడు, ఇప్పుడు వద్దులే" అన్నాను. మీ మొదటి ఉత్తరం చదివాక మీకు ఎవరూ చెప్పలేదేమోనని అనుమానం వచ్చింది.

తరవాత హమమత్సుకి ఫోను చేసి కనుక్కున్నాను. చిగుసా కార్డుల డబ్బాలో ఉన్న చిరునామాలన్నిటికీ ఆమె భర్త కార్డులు పంపాడు. మీ చిరునామా ఆ డబ్బాలో లేదు.

కాగితం రాయలేను. మన్నించండి.

కుసకా


చోఫు
ఫిబ్రవరి 27

కుసకా,

నువ్వు పెట్టిన కార్డు తిప్పి పంపుతున్నాను. అది నీకు వచ్చినది. నాకు వచ్చినది కాదు.

ఇక రాయకు.

ఒరిహారా


కమినోయమా
ఏప్రిల్ 14

గురువుగారికి,

రాయవద్దన్నారు. ఈ ఒక్కటీ రాసి ఊరుకుంటాను. కార్డు మళ్ళీ పంపుతున్నాను. అల్లుడి చిరునామా దాని మీద ఉంది. పేరు తకత్సుకా. పియానోలు శ్రుతి చేస్తాడు. మంచివాడిలా ఉన్నాడు, ఫోనులో ప్రతి మాటకీ ముందు ఆగి ఆలోచిస్తాడు. ఆ ఊళ్ళో పెద్దల పండుగ జూలైలో చేస్తారట. పోయినవాళ్ళు మొదటిసారి ఇంటికి వచ్చే పండుగ.

ఇక్కడ మంచు కరిగింది. చెట్లు చిగురిస్తున్నాయి.

కుసకా


చోఫు
జూలై 24

కుసకాకి,

ఎండలు మండిపోతున్నాయి. అక్కడ నువ్వూ మీ ఆవిడా కులాసా అని తలుస్తాను.

ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఉత్తరం మొదట్లో ఎండలూ వానలూ రాసేవాళ్ళని చూసి నవ్వేవాణ్ణి. విషయం లేనివాళ్ళు అలా రాస్తారనేవాణ్ణి. ఇప్పుడు తెలిసింది. చెప్పాల్సింది ఉండి, చెప్పలేక, కాస్త ఊపిరి తీసుకోవడానికి రాస్తారు.

మార్చి పదిన నేను కంపెనీకి వెళ్ళలేదు. అటక మీది పెట్టెలు దించాను. "ద్రోహాలు" అని నేనే రాసిపెట్టుకున్న కట్ట ఒకటుంది. అందులో ఊకై ఉన్నాడు, నన్ను బొమ్మల కథలవాడని రాసిన ప్రొఫెసరు ఉన్నాడు, నువ్వున్నావు. ఆ పత్రిక కాగితం తీసి భూతద్దంతో చూశాను. పిల్ల వీపు ఇటువైపు ఉంది. రెండు జడలు. బూట్లు తారుమారుగా ఉన్నాయి. దానికి ఎడమా కుడీ తెలియక, వాళ్ళమ్మ కుడిబూటు మడమ మీద చిన్న గుండీ కుట్టింది. ఆ గుండీ ఫోటోలో ఎడమకాలికి ఉంది.

నా కూతురి ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదనుకుంటూ వచ్చాను. ముప్పై నాలుగేళ్ళు ఉంది. నీ మీద సాక్ష్యంగా దాచుకున్నాను.

మే నెలలో నెజు తీపి పెట్టె పట్టుకుని వచ్చాడు. సమావేశానికి ఎందుకు రాలేదని అడగలేదు. ఆ మర్యాద నాకు నచ్చింది.

"నువ్వు గెలిచావు. తల వంచనీ" అన్నాను.

"నిజంగానా గురువుగారూ? పొగరు వద్దంటారా?"

"వద్దని ఎవడన్నాడు? పొగరుబోతు టీవీకి చాలా బాగుంటాడు. ఎందుకంటే వాడు ఇరవై నాలుగు నిమిషాలు ఉండి పోతాడు. వాడి కోసం ఇంట్లో ఎవరూ ఎదురుచూడరు. వాడి నడక వాడికి ఉంచు. కానీ ఊరి జనం ముందు బాజాలు పెట్టి వంచకు. అది వంచడం కాదు, ఓట్లడగడం. ఒక్క పిల్ల ముందు వంచు. మాటలు పెట్టకు. ఎందుకు వంచాడో ఎవరూ చెప్పకూడదు."

"మరి పిల్లలకి అర్థం కావద్దాండీ?"

"అర్థం కానిది రాసిన నాకే. పిల్లలకి అవుతుంది."

రాసుకోలేదు ఈసారి. పెన్ను కింద పెట్టి కూచున్నాడు.

జూలై పదమూడున హమమత్సు వెళ్ళాను. మూడో అంతస్తు. తలుపు తీసినవాడికి నా పేరు చెప్పడానికి నోరు రాలేదు. "టెక్కన్ రాసినవాణ్ణి" అన్నాను. పక్కకి జరిగి దారి ఇచ్చాడు. "లోపలికి రండి మామయ్యగారూ, ఎండలో వచ్చారు" అన్నాడు. ఆ పిలుపుకి నేను తగనని చెప్పాలి. చెప్పలేదు. లోపలికి వెళ్ళాను.

చిగుసా పటం ముందు దోసకాయ గుర్రం పెట్టాడు, పుల్లలు గుచ్చి నాలుగు కాళ్ళు చేసి. పోయినవాళ్ళు తొందరగా ఇంటికి రావడానికట. ఒక కాలు పొట్టిదయి వంగిపోయింది. "నాకు చేతకాలేదండీ, ఏటా తనే చేసేది" అన్నాడు. టీ ఇచ్చాడు. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"పాత టెక్కన్ ఎప్పుడైనా చూసేదా?"

అతను ఆగి ఆలోచించాడు. నువ్వు రాసినట్టే.

"జబ్బు పడ్డాక రోజూ చూసేదండీ. టేపులు కొన్నాం. కానీ శబ్దం పూర్తిగా తీసేసి చూసేది. నేను శ్రుతులు చూసుకునేవాణ్ణి కదా, నాకు ఇబ్బంది అవుతుందేమోనని అనుకున్నాను. 'పెట్టుకో, పరవాలేదు' అన్నాను. 'మాటలు అక్కర్లేదు, ఆయన నడక చాలు' అంది."

చూశావా కుసకా. యాభై రెండు వారాల నా మాటలన్నీ తీసేసి, నిన్ను ఉంచుకుంది. నన్ను విమర్శించిన వాళ్ళెవరూ ఇంత సూటిగా చెప్పలేదు. దీనికి జవాబు రాయడం నాకు చేతకాదు.

పటం ముందు మోకాళ్ళ మీద కూచున్నాను. తల వంచాను. నువ్వు చెప్పింది నిజమే, ఏమీ కనబడలేదు. చాప అంచు కుట్టు కనబడింది. అదే చూస్తూ ఉండిపోయాను. అతను వచ్చి భుజం పట్టుకుని లేపేదాకా.

నిన్ను తీసెయ్యమని నేను రాసిన ఉత్తరం తప్పు. ఏం తప్పో కూడా చెప్పగలను, కానీ నీకు తెలుసు.

ఒరిహారా సేయ్‌గో


కమినోయమా
నవంబరు 20

గురువుగారికి నమస్కారాలు.

పెర్సిమన్ పళ్ళు ఒలుస్తున్నాం. చూరు కింద మూడు వందల దండలు వేలాడుతున్నాయి. మా ఆవిడ వేళ్ళు నల్లబడ్డాయి, నావి కూడా. నెజు గారు ఇక్కడిదాకా వచ్చారు. కొత్త తొడుగులో కన్నాలు సరిగ్గా కళ్ళ దగ్గరే ఉన్నాయట. అయినా కుర్రాడికి గడ్డం ఎత్తి నడవడం నేర్పమన్నారు. "కళ్ళు మూసుకుని నడవమనండి, అదే వస్తుంది" అన్నాను.

ఒకటి అడగాలి. పోయినసారి అడగకుండా తప్పు చేశాను. చిగుసా ఏడాది అక్టోబరుతో అయిపోయింది. లోకం లెక్కన మైల తీరింది. ఈసారి మీకు కొత్త సంవత్సరం కార్డు వెయ్యనా, వద్దా? మీరు ఎలా చెబితే అలా.

కుసకా


చోఫు
డిసెంబరు 2

(చుట్టూ బూడిదరంగు గీత ఉన్న అచ్చు కార్డు)

మా కుమార్తె చిగుసా నలభయ్యో ఏట కాలం చేసినందువల్ల, ఈసారి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు మానుకుంటున్నాము. ఆమె జీవించి ఉన్నంతకాలం మీరు ఆమె పట్ల చూపిన ఆదరణకి కృతజ్ఞతలు.

ఒరిహారా సేయ్‌గో, తండ్రి

(కింద చేతిరాత)

అచ్చువేసేవాడు "పోయింది నిరుడు కదండీ, ఈ ఏడు పంపకూడదు" అన్నాడు. నాకు ఈ ఏడే తెలిసిందయ్యా అన్నాను. పదికి తక్కువ వెయ్యనన్నాడు. నేను పంపవలసినవాడివి నువ్వొక్కడివే. తక్కిన తొమ్మిదీ ఆ ఫోటోతో పాటు పెట్టుకున్నాను.

ఈసారి వద్దు, ఆ పై ఏడు కార్డు వెయ్యి. జవాబు రాస్తాను.